అంబాజీపేట డాబా మీదికి వచ్చిన సోలార్ కొటేషన్: ఒక వినియోగదారు సమీక్ష

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోనసీమలోని అంబాజీపేటలో మా వీధికి పోయిన కరెంటు మూడో రోజు మధ్యాహ్నానికి గాని తిరిగి రాలేదు. మెట్ల కింద ఉన్న పాత ఇన్వర్టరు మొదటి రాత్రి తెల్లవారకముందే చేతులెత్తేసింది. అమ్మ వాడే ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి, సీసాలు తడవకుండా డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మట్టికుండలోని చన్నీళ్లలో ఉంచి కాపాడుకోవలసి వచ్చింది. ఆ వారంలోనే డాబా మీద సోలార్ ప్యానెళ్లు, వాటికి తోడుగా బ్యాటరీ పెట్టించుకోవాలని ఇంటిల్లిపాదీ నిశ్చయించాం. డాబా సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో నమోదైన ఒక సంస్థను పిలిపించగా, నాలుగు రోజుల్లో వారి నుంచి నాలుగు పేజీల కొటేషన్ వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను సమీక్షిస్తున్నది ఆ కాగితాన్ని, దాన్ని తయారుచేసిన తీరును మాత్రమే. పైగా మా బంధువులకు వేరే చోట్ల నుంచి వచ్చిన కొటేషన్లు తెప్పించి చూస్తే వాటిలోనూ ఇంచుమించు ఇవే లోపాలు కనిపించాయి.

కొటేషన్ సారాంశం ఇది: ఒక్కొక్కటి 540 వాట్ల ప్యానెళ్లు పది, అంటే 5.4 కిలోవాట్లు; 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టరు (లైనుతోనూ, బ్యాటరీతోనూ పనిచేసేది); ఒక లిథియం బ్యాటరీ; 'జీఐ స్ట్రక్చర్' (ప్యానెళ్లను నిలబెట్టే జింకు పూత ఇనుప చట్రం); అన్నీ కలిపి 4,85,000 రూపాయలు. అందులోంచి 78,000 సబ్సిడీ తీసేసి, 4,07,000 అన్న అంకెను మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో వేశారు. దాని కింద 'నెలకు ఆదా సుమారు 7,000 రూపాయలు' అని ఉంది. మా ఇంటి కరెంటు బిల్లు, వేసవి నెలలను కూడా కలుపుకొని, ఏడాది సగటున రెండు వేల పైచిలుకు మాత్రమే. కట్టేది రెండు వేలైతే ఏడు వేలు ఎలా మిగులుతాయో తెలుసుకోవడానికి లెక్కను వెనక్కి విప్పి చూశాను. కిలోవాటుకు రోజుకు 5 యూనిట్ల చొప్పున నెలకు 810 యూనిట్లు వేసి, ఆ మొత్తాన్ని 8 రూపాయల 75 పైసలతో గుణించారు. ఆ రెండు అంకెల్లో ఒక్కటీ మా ఇంటికి సరిపడదు.

మొదటిది ఉత్పత్తి. మన ప్రాంతంలో ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు అనుకోవడం వాడుక. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు ఉండే డెల్టాలో ఏడాది పొడవునా 5 అని రాయడం అత్యాశ. ఎండ ఎంత మండితే కరెంటు అంత వస్తుందన్నది కూడా పొరపాటు. ప్యానెల్ మీద రాసి ఉండే 540 వాట్లు దాని పలకల ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ పలకలు 65 డిగ్రీల దాకా కాలుతాయి. మోనో పెర్క్ అనే సాధారణ రకం ప్యానెల్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం కోల్పోతుంది కాబట్టి ఆ వేళకు 14 శాతం తగ్గుతుంది. దానికన్నా కొత్తదైన టాప్‌కాన్ రకంలో ఈ నష్టం కాస్త తక్కువ. కొటేషన్‌లో ఏ రకం ఇస్తారో రాయనే లేదు. మా కొబ్బరి చెట్ల నీడను కూడా కలుపుకొని నేను కిలోవాటుకు నెలకు 105 యూనిట్లు మాత్రమే లెక్క వేసుకున్నాను.

రెండోది ధర. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి గృహ వినియోగదారులందరికీ ఒకే స్లాబ్ పద్ధతి నడుస్తోంది: మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఎంత వాడినా మొదటి మెట్ల ధర మారదు, పై మెట్టులోని యూనిట్లకే పై ధర పడుతుంది. మా సగటు వాడకం నెలకు 340 యూనిట్లు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు పక్కన పెడితే దానికి అయ్యే ఖర్చు 2,023 రూపాయలు. ఇప్పుడు ప్యానెళ్లను రెండేసి చొప్పున డాబా ఎక్కించి చూద్దాం. మొదటి రెండు ప్యానెళ్లు ఇచ్చే 113 యూనిట్లు అత్యంత ఖరీదైన 8.75 మెట్టును తుడిచేస్తాయి, నెలకు 992 రూపాయలు మిగులుతాయి. తరువాతి రెండూ 6 రూపాయల మెట్టును తుడుస్తాయి, 667 మిగులుతాయి. మూడో జతకు మిగిలేవి చవక యూనిట్లే, కనుక అది మిగిల్చేది 364 మాత్రమే. నాలుగో జత, ఐదో జత మా వాడకాన్ని దాటిపోతాయి. వాటి వల్ల మా బిల్లులో తగ్గడానికి ఇంకేమీ ఉండదు. ఒకే రకం ప్యానెల్, ఒకే ఎండ, ఒకే ధర, అయినా మొదటిదాని సంపాదనకూ ఆరోదాని సంపాదనకూ మధ్య ఇంత తేడా ఉంది. కొటేషన్ ఇచ్చేవారు అన్నింటినీ 8.75తో గుణించి చూపడం వల్ల ఈ తేడా మొత్తం కనుమరుగవుతుంది.

కొలతలు తీసుకోవడానికి వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. "ఐదు కిలోవాట్లు వేయించేసుకోండి మాస్టారూ, ఇంక కరెంటు బిల్లు మొహం చూడక్కర్లేదండి" అన్నాడు. నేను అడిగితే అతడే బ్యాటరీ లేకుండా చిన్న పరిమాణాలకు ధరలు పంపాడు: నాలుగు ప్యానెళ్లకు పన్ను ముందు 1,24,000, ఆరింటికి 1,80,000. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, ఆపైన ఎంత పెద్దదైనా మొత్తం 78,000తో ఆగిపోతుంది. ఇన్వర్టరు, ప్యానెళ్ల సామర్థ్యాల్లో ఏది తక్కువైతే దానికే లెక్క. సరైన పన్ను కలిపి, సబ్సిడీ తీసేస్తే నాలుగు ప్యానెళ్లకు అయ్యేది 75,000. అవి ఏడాదికి దాదాపు 20,000 మిగులుస్తాయి కనుక నాలుగేళ్లలోపే పెట్టుబడి తిరిగి వస్తుంది. ఐదో, ఆరో ప్యానెళ్లకు అదనంగా పెట్టే 43,000 తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. తెలిసే ఆ పదేళ్ల బేరానికి నేను ఒప్పుకున్నాను. దానికి కారణం బ్యాటరీ దగ్గర చెబుతాను.

సరైన పన్ను అన్నాను, ఎందుకంటే కొటేషన్‌లో ఉన్నది పాత పన్ను. సోలార్ పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఇలాంటి పనుల్లో 70 శాతాన్ని సామగ్రిగా, 30 శాతాన్ని సేవగా పరిగణించి పన్ను వేస్తారు. సేవ మీద 18 శాతం. ఆ విధంగా మునుపు మొత్తం మీద 13.8 శాతం పడేది, ఇప్పుడు 8.9 పడుతుంది. నవంబరులో ఇచ్చిన కొటేషన్‌లో ఇంకా 13.8 ఉంది. 1,80,000 మీద ఆ తేడా 8,820 రూపాయలు. పాత నమూనా మార్చడం మరిచిపోయారనే అనుకుంటున్నాను, అడగ్గానే మార్చారు. అడగనివారి సంగతి ఏమిటన్నది మాత్రం నా మనసులో మిగిలే ఉంది.

సబ్సిడీని ధరలోంచి తీసేసి చూపడం కూడా సరికాదు. ఆ డబ్బు పని పూర్తయి, నెట్ మీటరు (మనం వాడినదీ, లైనులోకి పంపినదీ రెండూ లెక్కించేది) బిగించి, కరెంటు పంపిణీ సంస్థ డిస్కం పరిశీలన ముగిసిన తరువాత వినియోగదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది. సోలార్ సంస్థకు మాత్రం మనం ముందుగా పూర్తి మొత్తం కట్టాలి. ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో తయారైన డీసీఆర్ రకం కాకపోతే సబ్సిడీ రాదు. ఆ మాట కొటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది, ఇది మెచ్చుకోదగ్గ విషయం. బ్యాటరీకి సబ్సిడీ లేదన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇక నీడ. కొలతలకు వచ్చినవారు ఉదయం పదకొండు గంటలకు వచ్చారు. ఆ వేళకు మా డాబా అంతా ఎండే. మధ్యాహ్నం మూడు దాటితే పడమటి దొడ్డిలోని నాలుగు కొబ్బరి చెట్ల నీడ పిట్టగోడ దాటి, డిసెంబరులోనైతే సగం డాబా దాకా పాకుతుంది. ప్యానెళ్లు దండలోని పూలలా వరుసగా కలిపి ఉంటాయి కనుక ఒకదాని మీద మట్ట నీడ పడితే ఆ వరుస మొత్తం ఇబ్బంది పడుతుంది. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపడానికి లోపల ఉండే బైపాస్ డయోడ్లు నష్టాన్ని తగ్గించగలవు గాని పూర్తిగా ఆపలేవు. వారు గీసిన పటంలో ప్యానెళ్లు సరిగ్గా పడమటి పిట్టగోడ పక్కనే ఉన్నాయి. నాలుగు చెట్లూ కొట్టించేస్తే సరిపోతుందని ఫోనులో సలహా ఇచ్చారు. కొబ్బరి చెట్టును పెద్దకొడుకు అనుకునే కోనసీమలో ఆ సలహా ఇవ్వడానికి ధైర్యం కావాలి. ప్యానెళ్లను తూర్పు వైపుకు జరిపి, దక్షిణానికి సుమారు 16 డిగ్రీల వాలు ఇస్తే సరిపోయింది. దానికి ఎనిమిది మీటర్ల తీగ మాత్రమే అదనం.

చెట్ల వల్ల మరో సందేహం కూడా కలిగింది. వడగళ్లను తట్టుకుంటాయో లేదో తేల్చడానికి ప్యానెళ్ల మీద 25 మిల్లీమీటర్ల మంచు గోళీని సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. ఎండుకాయ ఒకటి నలభై అడుగుల నుంచి పడితే ఏమవుతుందో ఏ ప్రయోగశాలా పరీక్షించదు, ఏ వారంటీ భరించదు. కాబట్టి తూర్పుకు జరపడం నీడ కోసమే కాదు, కాయ కోసం కూడా. కాయలు దింపే వాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ అసంతృప్తి కలిగించినది 'జీఐ స్ట్రక్చర్' అన్న రెండు మాటలు. ఇంత ఖర్చు పెట్టి కొనే ప్యానెళ్లు నిలబడేది ఆ ఇనుము మీదే. సముద్రం మాకు ముప్ఫై కిలోమీటర్లలోపే ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ సీమలో తోటలకు తోటలను నేలమట్టం చేసిన సంగతి మా తరం మరువలేదు. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం మన తీరానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 1,500 న్యూటన్ల ఒత్తిడి, అంటే దాదాపు 150 కిలోల బరువంత తోపుడు. రెండున్నర చదరపు మీటర్లు దాటిన ఒక్కో ప్యానెల్ మీద అది మోటు లెక్కన 380 కిలోలు దాటుతుంది. ప్యానెల్ సొంత బరువు దాదాపు ముప్ఫై కిలోలే. వాలుగా నిలబెట్టిన ప్యానెల్ కిందికి గాలి దూరితే ఆ బలం దాన్ని పైకి లేపడానికి చూస్తుంది. అందువల్ల స్తంభాలను స్లాబు మీద సిమెంటు దిమ్మలతో ఊరికే నిలబెడతారా, లేక స్లాబులోకి రంధ్రం వేసి రసాయన యాంకర్లతో (రసాయన జిగురుతో అతికించే బోల్టులతో) బిగించి, నీరు దిగకుండా మూసేస్తారా అన్నది మాకు చాలా ముఖ్యమైన ప్రశ్న.

దీనితో పాటు మూడు విషయాలు రాతపూర్వకంగా కోరాను: ఇనుము మందం ఎంత, వేడి జింకులో ముంచి వేసిన పూత కనీసం 80 మైక్రాన్లు ఉంటుందా, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా. రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఇళ్లలోనైతే ఉప్పు గాలి సంగతి మరింత పట్టించుకోవాలి. భీమవరం దగ్గర మా తోడల్లుడి ఇంటి మీద చవక బోల్టులు మూడేళ్లకే తుప్పు పట్టి రాలాయి. కింద ఒరుగులు, వడియాలు ఎండబెట్టుకోవడానికి వీలుగా ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్రేము వేస్తామన్నారు. మా ఆవిడకు ఆ ఆలోచన నచ్చింది. గాలి లెక్క చెప్పాక ఆమే వద్దంది. ఇప్పుడు అనుకుంటున్నది రెండున్నర అడుగులు.

బ్యాటరీ గురించి కొటేషన్‌లో ఒకే వాక్యం: 'లిథియం బ్యాటరీ 5 కిలోవాట్లు, పదేళ్ల వారంటీ'. కిలోవాటు వేగాన్ని చెప్పే కొలత, నిల్వను చెప్పేది కిలోవాట్ అవర్, అంటే మన యూనిట్. ఆరా తీయగా అది 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమని తేలింది. రెండూ గుణిస్తే 5.12 యూనిట్లు. అందులో 90 శాతం దాకా వాడుకోవచ్చు, ఇన్వర్టరులో కొంత పోతుంది, చేతికి వచ్చేవి నాలుగు యూనిట్ల పైచిలుకు. పాత రకం ఫ్యాన్లు మూడు రాత్రి పది గంటలు తిరిగితే రెండుంబావు, దీపాలకు పావు, ఫ్రిజ్‌కు 0.6, మొత్తం మూడు యూనిట్లు దాటి కాస్త. నీళ్ల మోటారు అరగంట వేసినా ఒక రాత్రికి సరిపోతుంది. ఏసీ వేస్తే మూడు గంటలు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక ఇన్వర్టరు ఆ తాకిడిని భరిస్తుందా అని వేరే అడిగి రాయించుకోవాలి.

ఈ బ్యాటరీ డబ్బు మిగల్చదు. నెట్ మీటరు ఉన్న ఇంట్లో పగలు మిగిలిన యూనిట్ లైనులోకి వెళ్లి రాత్రికి యూనిట్‌కు యూనిట్‌గా జమపడుతుంది. దాన్నే బ్యాటరీలో దాచితే తిరిగి వచ్చేటప్పటికి పదో వంతు తరుగు పడుతుంది. 'బ్యాటరీతో మరింత ఆదా' అన్న మూడో పేజీ వాక్యం మా ఇంటి వరకు తప్పు. బ్యాటరీ మీద 18 శాతం పన్నుతో 1,29,800, మామూలు ఇన్వర్టరుకు బదులు హైబ్రిడ్ తీసుకోవడం వల్ల మరో 38,000, వెరసి 1,68,000 రూపాయలు పెట్టేది తుపాను రోజుల్లో ఇంట్లో దీపం కోసమే. ఆ మాట నిజాయితీగా రాసి ఉంటే నేను మారు మాట్లాడకుండా ఒప్పుకునేవాడిని.

ఇన్వర్టరూ, బ్యాటరీ ఇంట్లో ఉన్నాయి కదా, బ్యాటరీ లేని సోలార్ చాలదా అని మా అబ్బాయి అడిగాడు. చాలదు. లైనులో కరెంటు పోగానే బ్యాటరీ లేకుండా లైనుకే కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా నుంచి కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది. పైన ఎండ కాస్తున్నా కింద చీకటే. ఇంట్లో ఉన్న 150 ఆంపియర్ అవర్ల ట్యూబులార్ బ్యాటరీలో 1.8 యూనిట్లు, సగం మాత్రమే వాడదగినవి. ఒకసారి అయిపోతే మళ్లీ నింపే దారి లేదు. హైబ్రిడ్‌లో అయితే రెండో రోజు పగలు ఎండకు బ్యాటరీ మళ్లీ నిండుతుంది. తుపాను మర్నాడు ఎండ పలచగానే ఉంటుంది కాబట్టి నాలుగు ప్యానెళ్లకన్నా ఆరు త్వరగా నింపుతాయి. ఐదో, ఆరో ప్యానెళ్లకు నేను ఒప్పుకోవడానికి కారణం ఇదే.

కొటేషన్‌లో లేనిది, అందరూ మరిచిపోయేది మరొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టరు ఇంటినంతటినీ మోయదు. దానికి వేరే బ్యాకప్ దారి ఉంటుంది, ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు ఆ దారిలోకి మార్చి వైరింగ్ చేయాలి. ఆ పని ఎవరిదన్నది లేదు. అడిగితే 9,000 అదనమన్నారు. బ్యాటరీ వారంటీ కూడా 'పదేళ్లు లేదా 6,000 సార్లు, ఏది ముందైతే అది' అని తయారీదారు కాగితంలో ఉంది. ఒకసారి నింపి వాడేస్తే ఒక సారి లెక్క. ఆ అంకె 25 డిగ్రీల గదిలో పెట్టినప్పటిది. మా మెట్ల కింద గది మేలో కొలిమి. హాలు ఉత్తరపు గోడకు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున బిగించమన్నాను. 1986 ఆగస్టులో, 2022 జూలైలో లంక గ్రామాల ఇళ్లలోకి వరద వచ్చిన సంగతి తెలిసినవారెవరూ బ్యాటరీని నేల మీద పెట్టరు.

మిగిలినవి చిన్నవి. 'ఇరవై ఐదేళ్ల వారంటీ' అన్నది ఉత్పత్తి ఒక హద్దు కన్నా తగ్గదన్న హామీ మాత్రమే, ప్యానెల్ వస్తువుగా పాడైతే పన్నెండేళ్లే. ఇన్వర్టరుకు ఐదేళ్లు అన్నారు, పదేళ్లకు పెంచితే ఎంతని అడిగాను. ఎర్తింగ్‌కు మూడు గుంతలు, పిడుగు వాహకం, ప్యానెళ్ల వైపు, ఇంటి లైను వైపు రెండింటా సర్జ్ రక్షణ (హఠాత్తుగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది) ఉన్నాయి. ఈ భాగం నిక్కచ్చిగా, తీగ మందం సహా రాశారు. ఐదేళ్ల నిర్వహణ, పథకం నిబంధన ప్రకారమే, ఉంది. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి మరకలు పడతాయని, వాన నీటితోనో కాలువ నీటితోనో కడగమని ఆ కుర్రవాడే చెప్పాడు. నాలుగు పేజీల్లో లేని మంచి సలహా అది.

సవరించిన కొటేషన్ పదకొండు రోజులకు వచ్చింది. ఆరు ప్యానెళ్లు, 3 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టరు, పన్నుతో 2,34,135. బ్యాటరీ విడిగా 1,29,800. బ్యాకప్ వైరింగ్ ఇక అదనం కాదు. మొత్తం 3,63,935 కట్టాలి, 78,000 తరువాత నా ఖాతాలో పడుతుందని ఈసారి అలాగే రాశారు. అడ్వాన్సును 70 శాతం నుంచి 40కి తగ్గించి, మిగిలినది సామగ్రి దిగాక ఒక విడత, నెట్ మీటరు తిరిగాక ఒక విడతగా మార్చారు. పూత మైక్రాన్లు, బోల్టుల రకం, యాంకర్ల లోతు రాశారు. 'గంటకు 180 కిలోమీటర్ల గాలికి రూపొందించబడినది' అన్న వాక్యం మాత్రం రాయలేదు. ఇంజనీరు సంతకం కావాలని, పది రోజులు ఆగమని చెప్పారు. ఆగుతున్నాను, చెక్కు ఇంకా రాయలేదు.